సిరిమాను చూసినోళ్ళకి కామిక్ కాన్ ఓ లెక్కా?

విజయనగరంలో పుట్టి పెరిగినవాళ్ళకి జనంలో ఎలా మసలుకోవాలో ఎవరూ నేర్పక్కర్లేదని మావాళ్ళ గట్టి నమ్మకం. దసరా అయ్యాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడుగాటి చింతమాను, తిరుగుతుంటే లక్షల మంది మధ్య నిలబడి చూసినవాళ్ళం, హైదరాబాద్‌లో ఏసీ హాల్లో జరిగే బొమ్మల కథల ఉత్సవం కామిక్ కాన్ మనకో లెక్కా అంటారు. నాది ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు. హీరోల పుట్టినరోజు బ్యానర్లు, పెళ్ళి ఫ్లెక్సులు, సంతాపం ఫ్లెక్సులు, వీటి మధ్య కొన్నేళ్ళుగా ఇంకో రకం గిరాకీ తగిలింది. ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఫోన్‌లో ఏదో జపాన్ అనిమే బొమ్మ చూపించి, "అన్నా, ఈ కత్తి సన్‌బోర్డ్‌తో కోసి ఇస్తావా" అని అడుగుతారు. సన్‌బోర్డ్ అంటే మేం బోర్డులకి వాడే గట్టి ప్లాస్టిక్ అట్ట. జనం బాగా ఉంటారట్రా, జాగ్రత్త అంటే వాళ్ళూ అదే మాట: "సిరిమాను చూసినోళ్ళం, మాకేటి అన్నా."

ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం సంగతేంటంటే, సిరిమాను నాడు మనం ఎవరూ చెప్పకుండానే పాటించే తెలివంతా రైలెక్కేటప్పుడు ఇంటి దగ్గరే వదిలేసి వెళ్తున్నాం.

మా మేనల్లుడికి ఈ పిచ్చి పట్టినప్పుడు అక్క ఒంటరిగా పంపనంది. మావయ్య తోడుంటే సరే అంది. అలా వెళ్ళాను, తర్వాత్తర్వాత నాకే రుచి పట్టింది. కాబట్టి ఇది వాణ్ణి తిట్టడానికి రాస్తున్నది కాదు. ఆ కత్తులు కోసి పంపించేవాడిగా, వాటి వెనక వెళ్ళి చూసొచ్చినవాడిగా రాస్తున్నాను.

తల్లిదండ్రుల కోసం ముందు రెండు ముక్కలు. కామిక్ కాన్ అంటే బొమ్మల కథలు, అనిమే, సూపర్ హీరో సినిమాలు, వీడియో గేములు ఇష్టపడేవాళ్ళంతా ఒకచోట చేరే ఉత్సవం. పుస్తకాలు, బొమ్మల స్టాళ్ళు ఉంటాయి, స్టేజి మీద మాటలు ఉంటాయి, ఇష్టమైన పాత్ర వేషం కట్టుకుని వచ్చే పిల్లలు ఉంటారు. అమెరికాలో శాన్ డియాగోలో 1970లో మొదలైంది, ఇప్పుడు అక్కడికి 1,30,000 మందికి పైగా వస్తారు. జపాన్‌లో 1975 డిసెంబరులో మొదలైన కోమికెట్ ఇంకా పెద్దది. 2019 వేసవిలో టోక్యోలో నాలుగు రోజులకి కలిపి 7 లక్షల పైచిలుకు జనం. మన దేశంలో 2011లో ఢిల్లీలో శ్రీకారం చుట్టారు, 2013లో హైదరాబాద్‌కి వచ్చింది. ఎక్కువగా హైటెక్స్ అనే ఎగ్జిబిషన్ హాళ్ళలో పెడతారు.

ఇక్కడో లెక్క చూడండి. శాన్ డియాగోలో హాల్ హెచ్ అని అన్నిటికన్నా పెద్ద హాలు ఉంది. సినిమా తారలు, కొత్త ట్రైలర్లు అన్నీ అందులోనే. అందులో పట్టేది ఇంచుమించు 6,500 మంది. వచ్చేవాళ్ళు లక్షా ముప్పై వేలు. అంటే ఏ పూటైనా ఇరవై మందిలో ఒక్కడే లోపల ఉంటాడు. రాత్రంతా బయట ఫుట్‌పాత్ మీద పడుకుని లైన్లో ఉన్నా సరే, ఈ లెక్క మారదు. ఇలాంటి జాతర ఎక్కడ జరిగినా కొలతలు మారతాయి గానీ సంగతి ఇదే. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఎక్కువ భాగం చూడలేరు. ఇది ముందే ఒప్పుకున్నవాడికి సగం టెన్షన్ తగ్గుతుంది.

నెట్‌లో టిప్స్ కొల్లలు. మెత్తటి బూట్లు వేసుకో, నీళ్ళ బాటిల్ పెట్టుకో, పవర్ బ్యాంక్ మర్చిపోకు. ఒక్కదాన్నీ కాదనను. బూట్లు కొత్తవి వద్దు, అంతకుమించి ఆ విషయంలో చెప్పడానికేం లేదు. కానీ అవన్నీ ఆ ఊళ్ళో ఉండేవాళ్ళ కోసం రాసినవి. కొండాపూర్‌లో ఉండేవాడికి శుక్రవారం విసుగొస్తే ఇంటికెళ్ళి పడుకుని ఆదివారం మళ్ళీ వస్తాడు. శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కినవాడికి ఆ వెసులుబాటు లేదు. రైలు, ఎంట్రీ టికెట్టు, ఆటోలు, తిండి, అంతా ఇంట్లో బతిమాలి తెచ్చుకున్న డబ్బు. దాంతో పెట్టిన ప్రతి రూపాయీ రాబట్టుకోవాలన్న పంతం వస్తుంది. తలుపు తీసింది మొదలు లైట్లు ఆర్పేదాకా ఉండాలి, ప్రతి స్టాలూ తిరగాలి, స్టేజెక్కిన ప్రతివాణ్ణీ దగ్గర్నుంచి చూడాలి. నేను గమనించినంతలో దూరం నుంచి వచ్చినవాళ్ళే అందరికంటే ఎక్కువ అలిసిపోతారు, అందరికంటే తక్కువ చూస్తారు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఇలాంటిచోటికి వెళ్ళేముందు ఏం చూడాలో రాసుకోవడం కన్నా, ఏం చూడకుండా వదిలేయాలో తేల్చుకోవడం ముఖ్యం. ఇది నా సొంత తెలివి కాదు. మా పెద్దమ్మ దగ్గర చూసింది.

పెద్దమ్మ వాళ్ళది మూడు లాంతర్ల నుంచి కోటకి వెళ్ళే దారిలో మేడ ఇల్లు. ముందురోజు, తొలేళ్ళ నాటికే చుట్టాలంతా దిగిపోతారు. మంగళవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఎవరూ కిందికి దిగకూడదని ఆవిడ ఆర్డరు. పిల్లలందరి జేబుల్లో ఇంటి నంబరు రాసిన చీటీ ఉండాల్సిందే. మాను ముందు నడిచే పాలధార, జాలరి వల, తెల్ల ఏనుగు, అంజలి రథం ఒక్కొక్కటే కదులుతుంటే కింద రోడ్డు మీద జనం అటొక పోటు, ఇటొక పోటు. యాభై అడుగుల పైచిలుకు చింతమాను చివర పూజారి కూర్చుని మేడల ఎత్తున వస్తుంటే అరటిపళ్ళు గాల్లోకి లేస్తాయి. ఆ అలికిడికి మాలో ఎవడో ఒకడు మెట్లవైపు పరిగెత్తబోతాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేవదు. "మాను మూడుమార్లు తిరుగుతాది, నీకేటి తొందర. కూకో" అంటుంది. ఆవిడ మేడ మీంచి కోట బురుజు కనపడదు, గుడి దగ్గర జరిగే తంతు కనపడదు. మాను మూడుసార్లు దాటుతుంది, దాటినప్పుడల్లా కొద్ది నిమిషాలు. అంతే దర్శనం. ఏ ఏడూ ఆవిడ నోట 'సరిగ్గా చూళ్ళేకపోయాం' అన్న మాట నేను వినలేదు. మాను వెనకాల పరిగెత్తిన మా బావ మాత్రం ఏటా వచ్చి ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడలేదని చెప్తాడు, మళ్ళీ ఏడు మళ్ళీ పరిగెడతాడు.

సరే, హైదరాబాద్ సంగతి.

మా మేనల్లుడికి నేను పెట్టిన షరతు, రైల్లో ఉండగానే మూడు పేర్లు రాయమని. స్టాలైనా, మనిషైనా, కొనాల్సిన పుస్తకమైనా, మూడే. మొదటి పేరు కోసం గేటు తీయగానే నేరుగా వెళ్తాం, దారిలో ఏం మెరిసినా ఆగం. రెండోది మధ్యాహ్నం లోపు. మూడోది దొరికితే దొరికినట్టు. అక్కడితో అప్పు తీరిపోయింది, ఆపైన తిరిగేదంతా కొసరు. వాడు మొదట పదకొండు రాశాడు, కొట్టేయడానికి తుని దాకా పట్టింది.

ఏది కొట్టేయాలన్నదానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇది తర్వాత ఇంకెక్కడైనా దొరుకుతుందా? స్టేజి మీద తార చెప్పే నాలుగు మాటలు సాయంత్రానికి వీడియోలో వచ్చేస్తాయి, అదీ ముందు వరసలో కూర్చున్నవాడికన్నా స్పష్టంగా. టీషర్టులు, కీచైన్లు, పేరున్న కంపెనీల బొమ్మలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. దొరకనివి రెండే: ఆ మూడు రోజుల కోసమే అచ్చేసిన పుస్తకాలు, బొమ్మలు గీసేవాళ్ళతో ముఖాముఖి మాటలు.

ఈ రెండోది మన పిల్లలు పూర్తిగా వదిలేస్తున్నారు. హాల్లో ఒక వారగా చిన్న చిన్న టేబుళ్ళు వేసుకుని ఆర్టిస్టులు కూర్చుంటారు. స్టేజి దగ్గర కేకలు మొదలయ్యేసరికి హాలంతా అటు ఒరిగింది. మేం ఇటు ఉండిపోయాం. ఓ అమ్మాయి పోస్ట్‌కార్డు సైజు కాగితం మీద బ్రష్ పెన్నుతో గుర్రం గీస్తోంది. మెడ దగ్గరికి వచ్చేసరికి కాగితాన్ని తలకిందులు చేసి గీత లాగింది. మావాడు ఎందుకలా అన్నాడు. ఆ వంపు తన మణికట్టు తిరిగే వైపు ఉండాలట, లేకపోతే గీత వణుకుతుందట. ఏదీ నువ్వు లాగు అని పెన్ను వాడి చేతికిచ్చింది. వాడు లాగాడు, వణికింది, తిప్పి లాగాడు, తక్కువ వణికింది. వెనకాల ఎవరూ లేరు కాబట్టి ఆ పిల్లకీ తొందర లేదు. ఇంటికొచ్చాక వాడు ఆ స్టేజి మీదికి ఎవరొచ్చారో మర్చిపోయాడు గానీ కాగితం తిప్పడం మర్చిపోలేదు, ఇప్పుడు లెక్కల నోటుబుక్కుల వెనక పేజీలన్నీ గుర్రాలే.

ఒక మనవి. ఆ టేబుళ్ళ దగ్గర బేరం ఆడకండి. స్టాళ్ళలో బొమ్మలకి ఆడండి, కాదనను, మన ఊరి అలవాటు ఎక్కడికి పోతుంది. నేను షాపువాణ్ణి కాబట్టి ఆ ప్రింటు పట్టుకోగానే వేళ్ళకి తెలిసిపోయింది, 300 జీఎస్ఎం దళసరి కార్డు, మ్యాట్ లామినేషన్, నాకైతే ఇంతకి పడుతుంది అని. కానీ వాళ్ళు అమ్ముతున్నది కార్డు కాదు. మా షాపులో డిజైన్‌కి విడిగా డబ్బులడిగితే "బొమ్మకి కూడా డబ్బులేటన్నా, కంప్యూటర్ గీస్తాది కదా" అనే మారాజులు రోజుకొకరు వస్తారు. ఆ మంట నాకు తెలుసు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: నోట్లు పట్టుకెళ్ళండి, అందులోనూ వంద, యాభై నోట్లు. వేలమంది ఒకే కప్పు కింద ఫోన్లు తీస్తే సిగ్నల్ చచ్చిపోతుంది, యూపీఐ గింగిరాలు తిరుగుతూ ఉంటుంది, మీ వెనక లైను పెరిగిపోతుంది. కోమికెట్‌కి వెళ్ళే జపాన్‌వాళ్ళు ముందురోజే చిల్లర మార్చుకుని పెట్టుకుంటారు. వాళ్ళలో ఇంకో పద్ధతి ఉంది, అక్కడ కొనడానికి వచ్చినవాణ్ణి కూడా కస్టమర్ అనరు. అమ్మేవాడు, కొనేవాడు, వాలంటీరు, అందరూ పాల్గొనేవాళ్ళే అని లెక్క. మన జాతరల్లోనూ అంతే కదా. మొక్కున్నవాడు ఎవడు, చూడవచ్చినవాడు ఎవడు అని పైడితల్లమ్మ దగ్గర ఎవరు విడదీశారు?

సిగ్నల్ లేనప్పుడు తప్పిపోతే ఏం చేస్తారన్నది కూడా లోపలికి వెళ్ళకముందే అనుకోవాలి. మనవాళ్ళు విజయనగరంలో ఘంటస్తంభం దగ్గర కలుద్దాం అనుకున్నట్టు, అక్కడ కదలని గుర్తు ఒకటి చూసుకోండి. స్టేజి పక్కన, గేటు దగ్గర వద్దు, అందరూ అవే అనుకుంటారు. ఫలానా టైముకి అక్కడ ఉండాలి, ఫోన్ కలిసినా కలవకపోయినా. కాల్ పోనిచోట మామూలు ఎస్సెమ్మెస్ కాస్త ఆలస్యంగానైనా వెళ్ళే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలుంటే పొద్దున్నే వాళ్ళ బట్టలతో సహా ఫోటో తీసి పెట్టుకోండి, మా పెద్దమ్మ చీటీ జేబులో ఉండనే ఉండాలి.

నిద్ర, తిండి సంగతి. విదేశాల్లో ఈ ఉత్సవాలకి వెళ్ళేవాళ్ళ మధ్య 6-2-1 అని ఒక లెక్క చెప్పుకుంటారు. రోజుకి ఆరు గంటల నిద్ర, రెండు పూటల భోజనం, ఒక స్నానం. చదివి నవ్వకండి, మూడోది ఎందుకు చెప్పాల్సి వచ్చిందో హాల్లో మధ్యాహ్నం మూడింటికి తెలుస్తుంది. మన పిల్లలకి మొదటిదే కుదరడం లేదు. రాత్రంతా స్లీపర్లో కబుర్లు, పొద్దున సికింద్రాబాద్‌లో దిగడం, అట్నుంచి అటే మెట్రోలో హైటెక్ సిటీ, అక్కణ్ణుంచి ఆటో, పదింటికల్లా బ్యాగుతో సహా లైన్లో. మధ్యాహ్నానికి గోడకి చేరబడి నిద్ర. ఒక రోజు ముందు వెళ్ళండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళకి హైదరాబాద్‌లో ఎవరూ లేరంటే నేను నమ్మను. కూకట్‌పల్లిలో పెదనాన్న కొడుకో, మియాపూర్ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా ఉన్న ఊరివాడో, కట్టుబడి పనికి వెళ్ళిన మావయ్యో ఉంటారు. వాళ్ళింట్లో బ్యాగు పడేసి, కడుపునిండా తిని పడుకోండి. మొహమాటపడితే అమ్మ చేసిన పొట్లాం ఒకటి తీసుకెళ్ళండి, మొహమాటం దానంతటదే పోతుంది. లోపల తిండి ఖరీదు, లైను పెద్దది, బయటి తిండి రానివ్వడం రానివ్వకపోవడం ఏ ఏటికి ఆ ఏటి రూలు. పొద్దున గట్టిగా తిని వెళ్తే ఆ గొడవే లేదు.

జలుబు కూడా ఈ ఉత్సవంలో భాగమే. 2009లో అమెరికాలో సియాటిల్‌లో జరిగిన పాక్స్ అనే గేములవాళ్ళ ఉత్సవంలో వంద మంది దాకా స్వైన్ ఫ్లూ తగిలించుకుని ఇళ్ళకెళ్ళారు. వచ్చే వారం సెమిస్టర్ పరీక్షలున్నవాళ్ళు మాస్కు పెట్టుకోవడం నామోషీ అనుకోవద్దు. వేషంలో సగం పాత్రలకి ముఖానికి ముసుగు ఉండనే ఉంటుంది.

వేషాల విషయానికొస్తే ఇది నా డిపార్ట్‌మెంటు. సన్‌బోర్డ్ కత్తి చూడ్డానికి బావుంటుంది గానీ మొన ఒకరికి తగిలితే విరుగుతుంది, విరిగిన అంచు కోసుకుంటుంది. యోగా మ్యాట్ లాంటి ఫోమ్ షీటు మేలు. తేలిక, వంగుతుంది, రంగు నిలవాలంటే ముందు ఒక పూత ఫెవికాల్ కొట్టి ఆరనివ్వాలి. పొడుగు వస్తువుని రెండు ముక్కలుగా చేయించుకోండి, లోయర్ బెర్తు కింద పట్టాలి, మెట్రోలో చెకింగ్ దాటాలి. ఇనుము, అసలు కత్తి, బొమ్మ తుపాకీ అసలైనదానిలా కనిపించేది, ఇవి ఏ గేటు దగ్గరా పోనివ్వరు, బతిమాలి లాభం లేదు. విగ్గు, కోటు ఇంటి దగ్గర తొడుక్కుని బయల్దేరొద్దు. లోపల మార్చుకోండి. రెక్కలున్న వేషమైతే జనం పలచగా ఉండే పొద్దున్నే ఫోటోలు కానిచ్చేసి రెక్కలు తీసేయండి. మీ రెక్క పక్కవాడి కంట్లో ఉంటుంది.

వేషం కట్టిన ఆడపిల్లల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా ఒక మాట. "అలా తయారై వస్తే ఫోటోలు తీయరా మరి" అనేవాళ్ళు మా షాపులోనే ఉన్నారు. న్యూయార్క్ కామిక్ కాన్‌లో 2014లో, వేషం వేసుకోవడం అంటే ఒంటి మీద చెయ్యి వేయడానికి ఒప్పుకోవడం కాదని హాలంతా బోర్డులు పెట్టాల్సి వచ్చింది. మన జాతరల్లో మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కట్టేవాళ్ళుంటారు, పులివేషాలుంటాయి. పులివేషగాడి తోక లాగితే చుట్టూ ఉన్నవాళ్ళే లాగి ఒకటిస్తారు. ఆ మర్యాద ఆడపిల్ల వేషానికి ఎందుకు ఉండదు? అడిగి తీయండి, వద్దంటే ముందుకెళ్ళండి. పక్కవాడు హద్దు దాటితే చూస్తూ ఊరుకోకండి.

ఇప్పుడు అసలు విషయం. ఇంతసేపూ సరదాగా చెప్పాను గానీ ఇది సరదా కాదు.

2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, మన శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర తొక్కిసలాటలో తొమ్మిది మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో ఓ సినిమా ప్రీమియర్ దగ్గర తోపులాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. అభిమానుల బ్యానర్లు అచ్చేసి బతికేవాణ్ణి, ఆ వార్త నాకు మామూలు వార్తలా అనిపించలేదు. 2022 అక్టోబరు 29న దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఇటేవాన్ అనే చోట, వేషాలు కట్టుకుని పండగ చేసుకోవడానికి వచ్చిన కుర్రకారు మధ్య ఒక ఇరుకు సందులో 159 మంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది మా మేనల్లుడి వయసు వాళ్ళు, కాస్త పెద్దవాళ్ళు.

ఇలాంటిచోట మనిషి కాళ్ళ కింద పడి నలిగి చనిపోతాడని అనుకుంటాం. ఎక్కువమంది పోయేది నిలబడే. నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పడి ఛాతీ లేవక, ఊపిరి అందక. చదరపు మీటరు అంటే మా షాపు లెక్కలో ఇంచుమించు పదకొండు చదరపు అడుగుల ఫ్లెక్స్ ముక్క. దాన్ని నేల మీద పరిస్తే నలుగురు నిలబడితే ఫరవాలేదు, ఐదుగురైతే జాగ్రత్తపడాలి, ఆరూ ఏడూ దాటితే ఇక ఎవరి అడుగు వాళ్ళ చేతిలో ఉండదు. జనం నీళ్ళలా ఊగుతారు. అప్పుడు ఎంత బలమున్నవాడైనా ఒకటే.

కాబట్టి ఆ స్థితి రాకముందే కదలాలి. గుర్తులు సులువే. రెండు భుజాలకీ ఎవరో ఒకరు ఆనుతున్నారు, చెయ్యి పైకెత్తి ముఖం తుడుచుకోవాలంటే కష్టంగా ఉంది. ఇది చాలు, బయల్దేరండి. మీరు అడుగు వేయకుండానే ఒళ్ళు ఊగితే అప్పటికే ఆలస్యమైంది. ఆ పరిస్థితిలో రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు అడ్డం పెట్టుకోండి, ఊపిరి ఆడడానికి ఆ కాస్త జాగా కావాలి. ఎదురు నెట్టకండి, అరిచి ఊపిరి వృథా చేసుకోకండి. తోపు వచ్చినప్పుడు దాంతోపాటే నిలదొక్కుకుని, ఆగినప్పుడు ఏటవాలుగా పక్కకి ఒక్కో అడుగు జరగండి. గోడ, రెయిలింగు, స్టేజి ముందు కట్టిన బారికేడు, ఇవి ఆసరా కాదు, అక్కడే ఒత్తిడంతా వచ్చి పడుతుంది. ఫోన్ జారిపడితే పోనివ్వండి, వంగొద్దు. పక్కవాడు పడితే ఎలాగైనా లేపండి. మీరే పడి లేవలేకపోతే పక్కకి తిరిగి ముడుచుకుని తలకి చేతులు అడ్డం పెట్టుకోండి.

హాల్లోకి వెళ్ళగానే మేం చేసే మొదటి పని తలుపులు చూడటం. వచ్చిన దారి కాకుండా ఇంకోటి. ఏదైనా అయితే అందరూ వచ్చిన దారికే పరిగెడతారు. మావాడు మొదట్లో విసుక్కునేవాడు, "మావయ్యా, సరదాకి వచ్చినట్టు లేదు, ఫైర్ డిపార్ట్‌మెంట్ డ్యూటీకొచ్చినట్టు చూస్తావేటి" అని. ఇప్పుడు వాడే నాకు చూపిస్తున్నాడు.

ఇందులో ఎవరూ నింద జనం మీదికి తోయకూడదు. ఎన్ని టికెట్లు అమ్మాలి, ఎన్ని గేట్లు తీయాలి, వెళ్ళే దారి వచ్చే దారి ఎలా వేరు చేయాలి, తార ఎటునుంచి వస్తాడు, ఇదంతా నిర్వాహకుల పని, పోలీసుల పని. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు సరిగ్గా నిలబడలేదు కాబట్టి చచ్చిపోయాడని అనడం దుర్మార్గం. అయితే ఆ క్షణంలో ఆ కుర్రాడి చేతిలో ఉండేది ఒక్క నిర్ణయమే, ముందుగా బయటికి వచ్చేయడం. సరిగ్గా అక్కడే మన దూరాభారం అడ్డొస్తుంది. ఇంత ఖర్చుపెట్టి వచ్చాం, ఇంకో పది నిమిషాల్లో ఆయన వస్తాడట, ఇప్పుడెలా వెళ్తాం? కొండాపూర్ కుర్రాడు ఆ జనాన్ని చూసి 'పోనీలే' అని టీ తాగడానికి పోతాడు. మన కుర్రాడు పాతుకుపోతాడు. ఖర్చయిన డబ్బు ఉన్నా రాదు, వెళ్ళినా రాదు. ఇది రైలెక్కకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట. గుంపులో వెళ్ళేవాళ్ళయితే ఒక ఒప్పందం పెట్టుకోండి. ఒక్కడు 'నాకు ఊపిరాడటం లేదు, పోదాం' అంటే అందరూ కదలాలి, వెక్కిరింపులుండవు, వాదనలుండవు. పిరికివాడన్న మాట వచ్చిందంటే తర్వాతిసారి ఎవడూ నోరు విప్పడు.

నాతో వాదించేవాళ్ళూ ఉన్నారు. "ఇన్ని లెక్కలు వేసుకుంటే ఇక సరదా ఏం మిగులుద్ది, జాతరంటేనే తోపులాట కదా" అని. మా బావ మాట ఇది. జనంలో కలిసిపోయి అరవడంలో ఒక ఆనందం ఉంది, నేను కాదనను. శనివారం మధ్యాహ్నం, తెలియనివాళ్ళంతా ఒకే పాట అందుకుంటే నాకూ ఒళ్ళు జలదరించింది. ఆ పాట హాలు చివర నిలబడి కూడా వినపడుతుంది. ముందు వరస బారికేడు పట్టుకునే వినాలన్న రూలు ఎక్కడా లేదు.

ఏ రోజు వెళ్ళాలని అందరూ అడుగుతారు. శనివారం జనం ఎక్కువ. శుక్రవారం తక్కువ, కానీ కాలేజీ. ఒక్క రోజే కుదిరితే ఆదివారం పొద్దున్న గేటు తీసే వేళకి ఉండి మూడింటికల్లా బయటపడండి.

ఇక రైలు. మనవైపు ఎంట్రీ టికెట్టు కన్నా బెర్తు దొరకడం కష్టం. తేదీలు ప్రకటించగానే ముందు ఫలక్‌నుమా, కోణార్క్, విశాఖ, వేటిలో ఉంటే వాటిలో రానూ పోనూ బుక్ చేసి, తర్వాత మిగతావి ఆలోచించండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 120 రోజులు కాదు. అలారం పెట్టుకోండి. తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టుకుంటే రోజంతా గడియారం చూసుకోవడమే, చివర్లో ఉరుకులు పరుగులు. సోమవారానికి పెట్టుకోండి. కొన్న పోస్టర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేయకండి, మధ్యలో నొక్కుకుపోతాయి. ఏ ఫ్లెక్స్ షాపులో అడిగినా రోల్ లోపలి అట్ట గొట్టం ఊరికే ఇస్తారు, బయల్దేరేముందే తీసుకెళ్ళండి. మా షాపులోనైతే మూల నిలబెట్టి ఉంటాయి, అడగక్కర్లేదు కూడా, తీసుకెళ్ళడమే.